ఎవరికి ఏ పని, ఎక్కడిదాకా
(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారు మాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పారు. ల్యాబ్ రికార్డులో ప్రోగ్రామ్ సరిగా పనిచేసిందని రాసుకెళ్తే సంతకం పడేది కాదు. ఎక్కడెక్కడ పనిచేయదో ఒక పేజీ విడిగా రాయాలి. ఆ పేజీ లేకపోతే రికార్డు వెనక్కి వచ్చేది. యూనిక్స్ మాన్యువల్ చదివి ఆయన పెట్టిన పద్ధతి అది. 1971 నవంబరులో బెల్ ల్యాబ్స్ నుంచి కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తెచ్చిన మొదటి మాన్యువల్లో ప్రతి కమాండుకూ పేరు, వాడే తీరు, వివరణ ఉన్నాయి. వాటితో పాటు ‘బగ్స్’ అని ఒక శీర్షిక, ఆ కమాండు ఎవరి బాధ్యతో చెప్పే మరో శీర్షిక కూడా ఉన్నాయి. తమ ప్రోగ్రామ్‌లోని లోపాన్ని తామే, తమ పుస్తకంలోనే అచ్చు వేసుకున్నారు. వాడేవాళ్ల మీద అంతకన్నా పెద్ద గౌరవం ఉంటుందని నేననుకోను.

మాస్టారు ఇప్పుడు ఉండి ఉంటే ఏ మాన్యువల్ ముందేసుకుని కూర్చునేవారా అని ఆలోచించాను. నాకు తోచిన జవాబే ఈ రోజు విషయం: అనేక ఏఐ ఏజెంట్లకు పనులు పంచే సాఫ్ట్‌వేర్ సాధనాలు, వాటికి మనం రాస్తున్న డాక్యుమెంటేషన్.

ఈ సాధనాలు ఏం చేస్తాయో క్లుప్తంగా చెబుతాను. మనం ఒక పెద్ద పని ఇస్తాం. సాధనం దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో ఏజెంటుకు అప్పగించి, వచ్చిన ఫలితాలను కూర్చి మనకిస్తుంది. ఏజెంటు అంటే భాషా నమూనాకు కొన్ని ఉపకరణాలు, కొన్ని ఆదేశాలు జోడించి తయారుచేసినది. మైక్రోసాఫ్ట్ ‘ఆటోజెన్’ 2023లో వచ్చింది. ఆ చుట్టుపక్కలే క్రూఏఐ, మెటాజీపీటీ, లాంగ్‌గ్రాఫ్ వచ్చాయి. ఓపెన్‌ఏఐ 2024 అక్టోబరులో ‘స్వార్మ్’ అనే ప్రయోగాత్మక సాధనాన్ని ఇచ్చి, 2025 మార్చిలో దాని స్థానంలో ఏజెంట్స్ ఎస్‌డీకే తెచ్చింది. పేర్లు ఇంకా చాలా ఉన్నాయి. వాటన్నిటి జాబితా మనకు అవసరం లేదు.

అవసరమైనది వేరే ఉంది. మామూలు సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామ్ ఒకటి, దాని గురించి రాసిన కాగితం వేరొకటి. కాగితంలో తప్పు పడితే మనిషి తికమకపడతాడు, ప్రోగ్రామ్ మాత్రం తన మానాన తాను నడుస్తుంది. ఈ కొత్త సాధనాల్లో ఆ గోడ లేదు. ఆటోజెన్ గ్రూప్ చాట్‌లో తరువాత ఎవరు మాట్లాడాలో మోడల్‌నే ఎంచుకోమంటే, ఒక్కో ఏజెంటుకు మనం రాసిన వివరణ చదివే అది ఎంచుకుంటుంది. క్రూఏఐలో ఏజెంటుకు పాత్ర, లక్ష్యం, నేపథ్యం రాయాలి. పనికి వివరణ, ఆశించే ఫలితం రాయాలి. అవన్నీ మామూలు వాక్యాలే. పనులు పంచే బాధ్యతను మేనేజరు ఏజెంటుకు వదిలేస్తే, ఆ వాక్యాలను బట్టే పని ఎవరి చేతికి వెళ్తుందో తేలుతుంది. అంటే మనం రాసిన వివరణే నడుస్తోంది. అందులో ఒక మాట అస్పష్టంగా ఉంటే అది ప్రోగ్రామ్‌లో ఉన్న లోపం కిందే లెక్క.

ఈ ఆలోచనకు మూలం ఒక తెలుగువాడి ప్రయోగశాలలోనూ ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తన బృందంతో కలిసి 1970లలో ‘హియర్సే-2’ అనే వ్యవస్థను నిర్మించారు. మాట్లాడిన వాక్యాన్ని కంప్యూటరుకు అర్థమయ్యేలా చేయడం దాని పని. శబ్దాలు తెలిసిన భాగం ఒకటి, అక్షరాలు తెలిసినది ఒకటి, పదాలు తెలిసినది, వాక్య నిర్మాణం తెలిసినది ఇంకొకటి. ఇవి ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు. అందరికీ కనిపించే ఒక ‘నల్లబల్ల’ మీద తమ ఊహను రాస్తాయి, ఇతరులు రాసినదాన్ని చదువుతాయి. తరువాత ఎవరికి అవకాశం ఇవ్వాలో ఒక షెడ్యూలరు నిర్ణయిస్తుంది.

విద్యార్థులు ముఖ్యంగా గమనించవలసింది ఇక్కడే. ఏ భాగాన్ని పిలిస్తే ఎంత ప్రయోజనమో దాన్ని నడపకముందే షెడ్యూలరు అంచనా వేయాలి. అందుకని ప్రతి భాగం తన వివరాలు ముందే ఇచ్చేది: బల్ల మీద ఏది కనిపిస్తే తాను కదులుతుంది, కదిలితే బల్ల మీద ఏ రకమైన మార్పు తెస్తుంది. పనివాడి గురించి రాసిన వివరణను పని పంచేవాడు చదివి నిర్ణయం తీసుకోవడం అప్పటికే ఉందన్నమాట. 1980లో రీడ్ స్మిత్ ప్రతిపాదించిన ‘కాంట్రాక్ట్ నెట్’ దీన్ని ఇంకో దారిలో తీసుకెళ్లింది. పని ఉన్న యంత్రం ప్రకటన ఇస్తుంది, చేయగలిగిన యంత్రాలు బిడ్ వేస్తాయి, అనువైన బిడ్‌కు పని దక్కుతుంది. మన పంచాయతీరాజ్ ఆఫీసు టెండరు లాంటిదే. ప్రకటనలో పని వివరణ, అర్హతలు, బిడ్ ఏ రూపంలో ఉండాలి, గడువు ఎప్పుడు అన్న నాలుగూ తప్పనిసరి. ఈ రోజు నేను చూసే చాలా సాధనాల పరిచయ పేజీల్లో ఆ నాలుగింటిలో రెండు కూడా కనిపించవు. అప్పటి వివరణలు గళ్లు గీసిన ఫారాల్లాంటివి, ఇప్పటివి స్వేచ్ఛగా రాసిన వచనం. స్వేచ్ఛ పెరిగిన చోట రాసేవాడి బాధ్యత పెరగాలి. జరుగుతున్నది దానికి విరుద్ధం.

వచనం ఎంత ప్రభావం చూపుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఆంత్రోపిక్ సంస్థ తన పరిశోధన వ్యవస్థను ఎలా కట్టిందో 2025 జూన్‌లో వివరంగా రాసింది. అందులో ఒక ప్రధాన ఏజెంటు, దాని కింద పనిచేసే ఉప ఏజెంట్లు ఉన్నాయి. మొదట్లో ప్రధాన ఏజెంటు ‘సెమీకండక్టర్ల కొరత గురించి పరిశోధించు’ లాంటి పొట్టి ఆదేశాలిచ్చేది. ఒక ఉప ఏజెంటు 2021 నాటి కార్ల చిప్‌ల సంక్షోభం వెంట పడింది. మరో రెండు 2025 సరఫరా గొలుసుల మీద ఒకే పనిని రెండుసార్లు చేశాయి. అప్పుడు ప్రతి అప్పగింతలోనూ లక్ష్యం, ఫలితం ఉండవలసిన రూపం, వాడవలసిన ఉపకరణాలు, పని హద్దులు రాయించారు. అదే వ్యాసంలో ఇంకో సంగతి ఉంది. ఉపకరణాల వివరణల్లోని లోపాలను పరీక్షించి తిరగరాయడానికి ఒక ఏజెంటును పెట్టారు. కొత్త వివరణలు వాడిన ఏజెంట్లు పనిని 40 శాతం తక్కువ సమయంలో ముగించాయి. కోడ్ మారలేదు, మోడల్ మారలేదు. మారింది మాన్యువల్.

ఇలాంటి వ్యవస్థలకు ఖర్చూ ఎక్కువే. మామూలు సంభాషణకన్నా సుమారు 15 రెట్లు టోకెన్లు (మోడల్ చదివే, రాసే పాఠ్యపు ముక్కలు) ఖర్చవుతాయని ఆంత్రోపిక్ వాళ్లే రాశారు. రెండు ఏజెంట్లు ఒకే పని చేస్తే ఆ దండగ ఎవరి ఖాతాలో పడుతుందో విడిగా చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా కీలకమనిపించే చిక్కుకు వస్తాను. పని అప్పగించేటప్పుడు దానితో పాటు ఎంత సమాచారం వెళ్లాలి? ఇది ఏఐతో పుట్టిన ప్రశ్న కాదు. ఐబీఎం ఓఎస్/360 నిర్మాణాన్ని నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో వచ్చిన ‘ది మిథికల్ మ్యాన్-మంత్’లో ఆ ప్రాజెక్టు వర్క్‌బుక్ గురించి రాశారు. ప్రతి ప్రోగ్రామరుకూ అన్నీ తెలియాలన్నది అప్పటి విధానం. ఆరు నెలలకే ఆ పుస్తకం దాదాపు 5 అడుగుల మందానికి చేరింది. రోజూ వచ్చే మార్పుల కాగితాలే సుమారు 150 పేజీలు, వాటిని సరైన చోట చొప్పించుకోవడమే ఒక ఉద్యోగం. చివరికి కాగితం వదిలి, సూక్ష్మ ఫిల్ము అయిన మైక్రోఫిష్‌కు మారారు. కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972లోనే దీనికి పూర్తిగా ఎదురు వాదన చేశారు. ఒక భాగం లోపలి సంగతులు ఇంకో భాగం రాసేవాడికి తెలియకుండా దాచాలి, ఇద్దరి మధ్య ఉండే ఒప్పందాన్ని మాత్రం కచ్చితంగా రాయాలి అన్నారు. అది చేటు తెచ్చే సలహా అని 1975లో రాసిన బ్రూక్స్, ఇరవై ఏళ్ల తరువాతి ముద్రణలో పార్నాస్‌దే సరైన మాట, నాదే పొరపాటు అని ఒప్పుకున్నారు.

అదే తగాదా ఇప్పుడు ఏజెంట్ల మధ్య మళ్లీ మొదలైంది. 2025 జూన్‌లో కాగ్నిషన్ సంస్థ ఇంజనీరు ఒకరు అసలు బహుళ ఏజెంట్లను కట్టవద్దని వాదించారు. ఆయన ఉదాహరణ ‘ఫ్లాపీ బర్డ్’ ఆటకు నకలు తయారుచేయడం. ఒక ఉప ఏజెంటు సూపర్ మారియో తరహా నేపథ్యం గీస్తుంది. ఇంకొకటి గీసిన పిట్ట ఆ ఆటలో ఇమడదు. రెండూ తమకు అర్థమైనట్టు పని చేశాయి, కానీ ఒకదాని నిర్ణయాలు మరొకదానికి తెలియవు. అందరికీ మొత్తం చరిత్ర తెలియాలని ఆయన అంటారు, అంటే పాత బ్రూక్స్ మాట. వేరు వేరు సందర్భాలతో, ఎవరి గది వాళ్లదిగా ఉంచేవాళ్లు పార్నాస్ పక్షం.

ఎవరు సరైనవారో పనిని బట్టి ఉంటుంది. మాన్యువల్ రాసేవాడికి మాత్రం పక్షం తీసుకోకుండానే చేయవలసిన పని ఒకటుంది: తన సాధనం ఏ పద్ధతిలో నడుస్తుందో మొదటి పేజీలోనే చెప్పడం. ఓపెన్‌ఏఐ ఏజెంట్స్ ఎస్‌డీకేలో ఒక ఏజెంటు మరొకదానికి ‘హ్యాండాఫ్’ చేస్తే, వడపోత ఏదీ పెట్టకపోతే అప్పటిదాకా నడిచిన సంభాషణ మొత్తం కొత్త ఏజెంటుకు కనిపించేలా దాన్ని రూపొందించారు. అదే ఏజెంటును ఒక ఉపకరణంలా పిలిస్తే ఆ సమయంలో తయారుచేసిన ఆదేశం మాత్రమే దానికి అందుతుంది, పాత సంభాషణ అందదు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కోడ్‌లో ఒకటి రెండు లైన్ల తేడా. కానీ ఆసుపత్రిలో వాడితే, ఒకదానిలో రోగి చెప్పుకున్న వ్యక్తిగత విషయాలన్నీ బిల్లింగ్ ఏజెంటుకు చేరతాయి, రెండోదానిలో ఆదేశంలో రాసినవే చేరతాయి. ఈ తేడా చెప్పే వాక్యం డాక్యుమెంట్లలో ఉండటం వల్లనే నేను ఈ రోజు మీకు చెప్పగలుగుతున్నాను. అలాంటి వాక్యం లేని సాధనాన్ని ఆసుపత్రిలోనూ, బ్యాంకులోనూ పెట్టడం నాకు సమ్మతం కాదు.

సమాచారం వెళ్తే చాలదు, ఏ కొలతలో వెళ్తోందో కూడా రాసి ఉండాలి. మన రెండు రాష్ట్రాల భూమి రికార్డులనే తీసుకోండి. తెలంగాణ పహాణీలో విస్తీర్ణం 2.20 అని ఉంటే 2 ఎకరాల 20 గుంటలు. గుంటలు 40 అయితే ఎకరం కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఆంధ్రప్రదేశ్ అడంగల్‌లో అదే 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు. సెంట్లు 100 అయితే ఎకరం. తేడా 30 సెంట్లు, అంటే 1,452 చదరపు గజాలు. రికార్డు చదివే ఏజెంటు 2.20 అనే అంకెను మాత్రమే లెక్కలు చేసే ఏజెంటుకు అప్పగిస్తే, దాన్ని అది సహజంగానే దశాంశ సంఖ్యగా తీసుకుంటుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎక్కడా ఎర్రర్ రాలేదు, ఒక రైతుకు మాత్రం 30 సెంట్లు కాగితం మీద మాయమయ్యాయి. అందుకే అప్పగింతలో అంకె ఒక్కటే ఉండకూడదు. ఎకరాలు, గుంటలు, సెంట్లు వేర్వేరు గళ్లుగా ఉండాలి, ఆ గళ్లు ఖాళీగా వస్తే సాధనం దాన్ని తిప్పి పంపాలి. 1999 సెప్టెంబరులో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంగారక నౌక నాశనమైనప్పుడు మెట్రిక్ కొలతలే వాడాలని రెండు బృందాల మధ్య పత్రం ఉంది. ఒకవైపు సాఫ్ట్‌వేర్ పౌండ్లలో లెక్కలు పంపింది, అది పత్రంలో ఉన్నట్టే ఉందో లేదో సరిగా పరీక్షించలేదు. రాసి పెట్టడంతో పాటు రాసినదాన్ని యంత్రం పట్టుకుని నిలదీయగలిగేలా రాయడం ఇప్పుడు మన చేతిలో ఉంది.

తరువాతి చిక్కు, పని ఎప్పుడు ఆగాలన్నది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో ఇలాంటి వ్యవస్థలు విఫలమయ్యే తీరులను 14 రకాలుగా, మూడు వర్గాలుగా విడదీశారు: వ్యవస్థను నిర్దేశించడంలో లోపాలు, ఏజెంట్ల మధ్య పొంతన లేకపోవడం, చేసిన పనిని సరిచూసుకోకపోవడం. చేసిన అడుగే మళ్లీ వేయడం, ఎప్పుడు ఆగాలో తెలియకపోవడం, సందేహం వచ్చినా అడగకపోవడం, పని పూర్తికాకముందే ముగించేయడం వాటిలో కొన్ని. వీటిలో చాలావాటికి మోడల్ తెలివి ఒక్కటే కారణం కాదు. ఆఫీసులో కొత్తగా చేరిన తెలివైన మనిషికి సరిగా పని చెప్పకపోతే జరిగేవే ఇవి.

గూగుల్ 2025 ఏప్రిల్‌లో ప్రకటించి, జూన్‌లో లైనక్స్ ఫౌండేషన్‌కు అప్పగించిన ‘ఏ2ఏ’ (ఏజెంట్-టు-ఏజెంట్) ప్రోటోకాల్‌లో ఒక పని ఏ ఏ దశల్లో ఉండవచ్చో పేర్లు పెట్టారు: అందింది, నడుస్తోంది, సమాచారం కావాలి, పూర్తయింది, రద్దయింది, విఫలమైంది లాంటివి. ముగిసిపోయిన పనిని తిరిగి తెరవకూడదు, అదే సందర్భంలో కొత్త పని మొదలుపెట్టాలి. పత్రంగా నాకు అది నచ్చింది. కానీ దాని మీద సాధనం కట్టేవాళ్లు తమ మాన్యువల్లో రాయవలసింది ఇంకా మిగిలే ఉంటుంది. ‘సమాచారం కావాలి’ అన్న దశలో జవాబిచ్చే మనిషి ఎవరు? రాత్రి రెండు గంటలకు అడిగితే ఉదయం దాకా ఆగుతుందా, తానే ఊహించుకుని ముందుకెళ్తుందా? ‘విఫలమైంది’ అని వస్తే అప్పటికే పంపిన ఈమెయిలు, కట్టిన డబ్బు సంగతి ఏమిటి? రెండోసారి నడిపితే రెండోసారి డబ్బు కడుతుందా? కొనేవాడు మొదట అడిగే ప్రశ్నలివి.

ఇంకో ప్రమాదం ఉంది. వివరణే నడుస్తున్నప్పుడు, చెడ్డవాడు వివరణలోనే చెడు దాచవచ్చు. 2025 ఏప్రిల్‌లో ఏఐ భద్రతా సంస్థ ఇన్వేరియంట్ ల్యాబ్స్ దీన్ని చేసి చూపించింది. ఉపకరణం వివరణలో మనిషికి మామూలుగా కనిపించని ఆదేశాలు పెడితే, ఏజెంటు వాటిని చదివి రహస్య ఫైళ్లను బయటికి పంపేస్తుంది. కాబట్టి మన మాన్యువల్లో ఒక పట్టిక తప్పనిసరిగా ఉండాలంటాను. ఏజెంటు చదివే ప్రతి పాఠ్యం ఎవరు రాసింది, ఎవరు మార్చగలరు, మారితే మనకు తెలుస్తుందా అన్నవి అందులో ఉండాలి. ఇది రాయడానికి విసుగ్గా ఉంటుందని నాకు తెలుసు. అయినా దీన్ని వదిలేసినవాడు రాసిన మిగతా పేజీలను నేను నమ్మలేను.

చాలామంది మిత్రులు అడుగుతారు, ఈ సాధనాలు ఆరు నెలలకోసారి మారిపోతుంటే మాన్యువల్ రాసి లాభమేమిటని. నిజమే. ఆటోజెన్‌ను 2025 జనవరిలో 0.4 పేరుతో పునాది నుంచి మార్చేశారు. అంతకుముందే మొదటి నిర్మాతల్లో కొందరు ఏజీ2 పేరుతో విడిపోయారు. 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని, తన మరో సాధనం సెమాంటిక్ కెర్నెల్‌ను కలిపి ఏజెంట్ ఫ్రేమ్‌వర్క్ పేరుతో కొత్త సాధనం తెచ్చింది. ఫంక్షన్ల పేర్లు రాసుకుంటే అవి పాతబడతాయి, అంగీకరిస్తాను. అయితే పని పంచేటప్పుడు హద్దులేమిటి, అప్పగింతతో ఏం వెళ్తుంది, ఎవరు సరిచూస్తారు, ఎప్పుడు ఆగుతుంది, ఎందుకు ఈ పనిని నాలుగు ముక్కలు చేశాం కానీ రెండు చేయలేదు అన్నవి హియర్సే-2 నాడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఫంక్షన్ల జాబితాను యంత్రం చేత కోడ్ నుంచి తీయించవచ్చు. ‘ఎందుకు’ అన్నదాన్ని మాత్రం నిర్ణయం తీసుకున్న మనిషి ఆ రోజే రాయాలి, ఆర్నెల్ల తరువాత అతనికే గుర్తుండదు. సమయం తక్కువ ఉంటే నేను మొదట రాయించేది ఆ పేజీనే.

దానితో పాటు ఒక నిజమైన పరుగు తాలూకు పూర్తి రికార్డు కూడా అచ్చు వేయాలి. ఏ ఏజెంటు ఎవరికి ఏ మాటల్లో పని ఇచ్చింది, ఏం తిరిగి వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నవన్నీ అందులో ఉండాలి. పదిసార్లు నడిపితే ఒకేలా రాదు కాబట్టి బాగా వచ్చిన పరుగు ఒకటి, చెడిపోయిన పరుగు ఒకటి పక్కపక్కన పెట్టాలి. చెడినదాని నుంచే చదివేవాడికి ఎక్కువ తెలుస్తుంది.

ఈ మాన్యువల్ రాసే పని మన భాషలో జరగాలని నా కోరిక. ఈ సాధనాల మాన్యువల్స్ చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో వాటిని రోజూ వాడే తెలుగు ఇంజనీర్లు వేలల్లో ఉన్నారు. ఇంకో వైపు విజయనగరంలోనో నల్లగొండలోనో ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలు ఉన్నారు. కోడ్ వాళ్లకు త్వరగానే పట్టుబడుతుంది. ‘ఎందుకు’ అన్న పేజీ దగ్గర ఆగిపోతారు, అది వాదన కాబట్టి. ముందు ఆ పేజీలను తెలుగులో రాయాలి. ఏజెంట్లకిచ్చే ఆదేశాలను కూడా తెలుగులో రాయవచ్చు. కానీ చాలా మోడళ్లలో తెలుగు వాక్యానికి అదే అర్థమున్న ఇంగ్లీషు వాక్యంకన్నా ఎక్కువ టోకెన్లు పడతాయి, అప్పగింతలు పెరిగేకొద్దీ ఆ భారం పెరుగుతుంది. ఈ సంగతి తెలుగులో సేవలందించే ఏ సాధనమైనా తన మాన్యువల్లో దాచకుండా, కొలిచి చెప్పాలి.

విద్యార్థులకు నా సూచన ఇది. ఇందాక చెప్పిన భూమి రికార్డుల పనినే తీసుకోండి. నిజమైన వ్యక్తుల వివరాలు వాడకుండా, మీరే తయారుచేసిన నమూనా పహాణీలు, అడంగళ్లతో మొదలుపెట్టండి. చదివే ఏజెంటు, లెక్కకట్టే ఏజెంటు, సరిచూసే ఏజెంటు, ఈ మూడు చాలు. రెండు వేర్వేరు సాధనాల్లో కట్టండి. గుంట ఎక్కడ సెంటుగా మారిపోయిందో, ఏ వాక్యం మారిస్తే సరయ్యిందో తేదీ వేసి రాయండి. మీ డిపార్ట్‌మెంటు ఒప్పుకుంటే దాన్ని ఓపెన్‌సోర్స్ లైసెన్సు కింద తెలుగులోనే విడుదల చేయండి. మొదటి ప్రతి చదివి, వరసల మధ్య పెన్సిలుతో ప్రశ్నలు రాసి తిప్పి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.